విషానికి కొలబద్ద

పెద్దతిప్పసముద్రంలో గాని, మదనపల్లెలో గాని పురుగుమందుల అంగడికి పోయి ఏ డబ్బా చేతికి తీసుకున్నా దానిమీద వజ్రాకారంలో ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు క్రింది త్రికోణంలో ఒక రంగు ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, పచ్చ - ఈ నాలుగింటిలో ఒకటి. అక్షరం రాని రైతుకు గూడా అర్థం కావాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలో పెట్టిన గుర్తు ఇది. ఎరుపంటే ప్రాణాంతకం, పచ్చ అంటే అంత భయపడనక్కరలేదు - రైతు అట్లా అర్థం చేసుకున్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. అయితే ఆ రంగు ఏ ప్రశ్నకు జవాబో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ ప్రశ్న ఇది: ఎంత మందు తినిపిస్తే పరీక్షకు పెట్టిన ఎలుకలలో సగం చస్తాయి? ఎలుక బరువులో కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే చస్తే ఎరుపు. 500 లోపయితే పసుపు. 5000 లోపయితే నీలం. అది దాటితే పచ్చ. కొలత స్పష్టంగానే ఉన్నది. చచ్చిన ఎలుకలను లెక్కపెట్టడానికి పెద్ద పాండిత్యం అవసరం లేదు. కాని ఎలుక చావక బ్రతికి, దాని కడుపున పుట్టిన పిల్లకు ఈడు సకాలంలో రాకపోతే, లేదా దాని మెదడు సరిగా ఎదగకపోతే, అది ఏ రంగు క్రిందికి వస్తుంది? నాలుగు రంగులలోనూ దానికి చోటు లేదు. ఈ వ్యాసంలో విచారించదలచింది ఆ చోటు లేకపోవడాన్ని గురించే.

మన దేశంలో విషానికి చావే కొలబద్ద కావడానికి ఒక చారిత్రక కారణం ఉన్నది. 1958 వేసవిలో కేరళలో గోధుమపిండి తిన్నవాళ్ళు వందమందికి పైగా చనిపోయారు. పిండి బస్తాలూ, పారాథియాన్ అనే పురుగుమందూ ఒకే ఓడలో కలిసి ప్రయాణం చేశాయి. మందు కారి పిండిలో కలిసింది. దేశం ఉలిక్కిపడింది. విచారణ సంఘాలు కూర్చున్నాయి, నిపుణులు నివేదికలు వ్రాశారు, పది సంవత్సరాలకు, 1968లో, క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. 1971లో అమలులోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ కమిటీ అనుమతి లేనిదే ఏ మందూ దేశంలో తయారు కాకూడదు, దిగుమతి కాకూడదు అన్నది దాని సారాంశం. ఆనాటికి అది ముందడుగే. పిండి తిని మనుషులు కూలిపోవడం చూచిన చట్టం కూలిపోయేవారి లెక్కనే ప్రధానంగా పెట్టుకున్నది. తరువాతి కాలంలో కాన్పు మీద, కాన్సరు మీద పరీక్షల కాగితాలు గూడా కంపెనీలు దాఖలు చేయవలసి వచ్చింది. కాని అంగట్లో రైతుకు కనిపించే రంగు మాత్రం ఆ పాత ప్రశ్నకే జవాబు చెప్పుతున్నది. పైగా ఆ పరీక్షల కాగితాలు తెచ్చి ఇచ్చేది మందు అమ్మదలచిన కంపెనీయే. మొదటి కంపెనీకి అనుమతి దొరికిన తరువాత అదే మందు తయారు చేసే ఇతరులకు అవే షరతులపై అనుమతి ఇవ్వడానికి చట్టంలోనే దారి ఉన్నది.

రెండో రకం విషం సంగతి 1958 నాటికి ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. 1950లోనే అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కోడిపుంజు పిల్లలకు డి.డి.టి. ఎక్కించి చూచారు. పిల్లలు చావలేదు, ఎదిగాయి. కాని తలమీద జుట్టు లేవలేదు, వృషణాలు పెరగలేదు. చూపుకు పెట్టల మాదిరి అయినాయి. డి.డి.టి. ఆడహార్మోను చేసే పని చేస్తున్నదేమోనని వాళ్ళు వ్రాశారు. ఆనాడు డి.డి.టి. మలేరియాను తరుముతున్న మహాస్త్రం. పుంజుల జుట్టు సంగతి ఎవరికి పట్టింది?

హార్మోను అనగా ఏమిటో మన మదనపల్లె ప్రాంతపు పట్టురైతుకు పుస్తకాలు చదివి చెప్పనక్కరలేదు. పట్టుపురుగు నాలుగు జ్వరాలు దాటి, అయిదో దశలో మల్బరీ ఆకును ఆబగా తిని, పండి, చంద్రిక ఎక్కి గూడు కడుతుంది. ఎప్పుడు జ్వరం రావాలి, ఎప్పుడు గూడు కట్టాలి అనేది దాని వంట్లో ఊరే రెండు మూడు రసాల హెచ్చుతగ్గుల మీద ఆధారపడి ఉన్నది. పురుగులన్నీ ఒక్కసారిగా పండాలని, మొక్కలనుంచి తీసిన అటువంటి హార్మోనును నీళ్ళలో కలిపి ఆకుమీద చల్లే పద్ధతి ఇప్పుడు రైతులు ఎరిగిందే. చల్లేది చాలా కొంచెం. ఫలితం గంటల్లో కనిపిస్తుంది. అదే పని రెండు రోజులు ముందు చేస్తే గూళ్ళు పలచబడి పంట నష్టం. ఇక బాల్యావస్థను నిలిపివుంచే హార్మోనును అనుకరించే పురుగుమందు ప్రక్క చేలో కొట్టగా గాలికి వచ్చి ఆకుమీద పడితే, పురుగు తింటూనే ఉంటుంది, గూడు కట్టదు. చావలేదు గదా అని ఏ పట్టురైతూ ఆ మందును మంచిదనడు.

ఈ రసం ఎంత స్వల్పమో ఒక్క లెక్క చెప్పుతాను. 1954లో జర్మనీలో బూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞులు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి ఈ జ్వరపు హార్మోనును వేరు చేశారు. దొరికింది 25 మిల్లీగ్రాములు. మనిషి శరీరంలో వినాళ గ్రంథులు ఊరించే రసాల సంగతీ ఇంతే. ఇక్కడ ఎంత అనే ప్రశ్నకు ఉన్నంత బలం ఎప్పుడు అనే ప్రశ్నకూ ఉన్నది. పిండదశలో ఒక వారం ఆటంకం కలిగితే, పెద్దవానికి సంవత్సరం పొడుగునా తగిలినా కలగని హాని కలగవచ్చు. ఆ హాని బయటపడేది ఇరవై సంవత్సరాల తరువాత కావచ్చు.

ఇందుకు మనుషులలోనే నిదర్శనం దొరికింది. 1938లో ఇంగ్లండులో తయారయిన డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ స్త్రీహార్మోనును గర్భస్రావం ఆపుతుందని చెప్పి అమెరికాలో లక్షలాది గర్భిణులకు ఇచ్చారు. తల్లులకు అప్పట్లో ఏమీ అయినట్లు కనిపించలేదు. 1971లో బోస్టన్ వైద్యులు పదిహేను, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలలో అరుదైన యోని కాన్సరు చూచి, ఆరా తీయగా, ఆ పిల్లల తల్లులు కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్ర మింగారని తేలింది. మింగింది ఒకరు, అనుభవించింది మరొకరు. ఎలుకల చావు లెక్కకు ఇటువంటి విషం ఎన్నడూ దొరకదు.

అయినా ప్రభుత్వాలు కదలడానికి మరి పాతికేళ్ళు పట్టింది. ఫ్లారిడాలో అపాప్కా అనే సరస్సు ఉన్నది. దాని ఒడ్డున ఒక రసాయనాల కంపెనీ నుంచి 1980లో డైకోఫాల్, దానితోపాటు డి.డి.టి. నీటిలో కలిశాయి. ఆ సరస్సులో బ్రతికిన మొసళ్ళ పిల్లలలో మగవాటి జననాంగాలు చిన్నవై ఉండడం, హార్మోన్లు తారుమారై ఉండడం 1990ల మొదట్లో గిలెట్ అనే జీవశాస్త్రజ్ఞుడు బయటపెట్టాడు. 1991లో థియో కాల్‌బార్న్ అనే శాస్త్రవేత్త, వేర్వేరు రంగాలవారిని విస్కాన్‌సిన్ రాష్ట్రంలోని వింగ్‌స్ప్రెడ్ అనే చోట సమావేశపరిచింది. పక్షులు చూచినవారూ, చేపలు చూచినవారూ, ఆడపిల్లల కాన్సరు చూచినవారూ ఒకచోట కూర్చునేసరికి, అందరూ వేర్వేరుగా చూస్తున్నది ఒకే వస్తువని తేలింది. 1996లో అమెరికా కాంగ్రెసు, పురుగుమందులకు హార్మోను గుణం ఉన్నదీ లేనిదీ పరీక్షించి తీరాలని చట్టం చేసింది.

పరీక్ష ఎట్లా చేస్తారు? పాఠకులకు ఇది కొంత విసుగయినా తెలుసుకోదగినది. మొదటి అంచెలో పదకొండు పరీక్షలున్నాయి. కొన్ని గాజు గొట్టాలలోనే జరుగుతాయి: ఆ రసాయనం హార్మోను కూర్చోవలసిన పీఠంమీద తాను పోయి కూర్చుంటున్నదా అని చూస్తారు. కొన్ని జంతువులమీద. ఈడు రాని ఆడ ఎలుకలకు మూడు రోజులు మందు ఇచ్చి గర్భకోశం తూస్తారు; బరువు పెరిగితే అది ఆడహార్మోను వలె పనిచేస్తున్నదన్నమాట. వృషణాలు తీసిన మగ ఎలుకల లోపలి గ్రంథులను తూచి మగహార్మోను సంగతి తెలుసుకుంటారు. తోకకప్పలను ఇరవై ఒక్క రోజులు మందు కలిపిన నీటిలో ఉంచి, కాళ్ళు సకాలంలో వస్తున్నాయా లేదా చూస్తారు. తోకకప్పను కప్పగా మార్చేది థైరాయిడ్ హార్మోనే గనుక. తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి తొందరపడి కప్పలవుతాయని 1912లోనే గూడెర్‌నాచ్ అనే ఆయన చూపాడు. అంటే పనిముట్టు చేతిలో ఉండి దాదాపు శతాబ్దం అయిన తరువాత అది అధికార పరీక్ష అయిందన్నమాట. మొదటి అంచెలో అనుమానం కలిగితే రెండో అంచె: రెండు తరాల వరకూ జంతువులను పెంచి చూడడం. ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ.

ఈ ఏర్పాటు అమెరికాలో ఎంతవరకు నడిచింది? పరీక్షలు చేయమని కంపెనీలకు మొదటి ఆజ్ఞలు వెళ్ళింది 2009లో. 2015లో 52 రసాయనాలపై మొదటి అంచె తీర్పులు వచ్చాయి. 2021లో ఆ దేశపు పర్యావరణ సంస్థను తనిఖీ చేసిన అధికారులే, చట్టం వచ్చి పాతికేళ్ళయినా పని పెద్దగా ముందుకు సాగలేదని వ్రాశారు. డబ్బూ, శాస్త్రజ్ఞులూ కొరవడని దేశంలో ఇది జరిగింది. శాస్త్రం లేక ఆగిపోయిందని ఎవరూ అనలేరు.

యూరపు మరో దారిని పోయింది. హార్మోను వ్యవస్థను భంగపరచే మందుకు అసలు అనుమతే ఇవ్వరాదని 2009లో శాసించింది. అయితే హార్మోను భంగమంటే ఏమిటో నిర్వచించే పని 2013 డిసెంబరులోగా చేస్తామని చెప్పి యూరోపియన్ కమిషన్ చేయలేదు. స్వీడన్ దేశం కోర్టుకు వెళ్ళింది. 2015 డిసెంబరులో కోర్టు కమిషన్‌ది తప్పని తీర్పు చెప్పింది. 2018లో ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అందులో మూడు మెట్లున్నాయి. రసాయనం వల్ల ప్రాణికి హాని జరుగుతున్నదా? అది హార్మోను మార్గంలో పనిచేస్తున్నదా? ఆ మార్గానికీ ఈ హానికీ జీవశాస్త్రం ఒప్పుకునే సంబంధం ఉన్నదా? మూడింటికీ అవునని జవాబు వస్తే, దాదాపు అన్ని సందర్భాలలోనూ, ఎంత మోతాదు అనే బేరం లేకుండా, తలుపు మూస్తారు. కంపెనీల వారు దీనిని అన్యాయమంటారు. మోతాదే విషాన్ని విషం చేస్తుందనేది వారి వాదన. దానిని పూర్తిగా కొట్టివేయడానికి వీలు లేదు. కాని మోతాదును నిర్ణయించగలిగేది ఎవరికి, ఏ వారంలో, ఎంత తగులుతున్నదో తెలిసినప్పుడు. చేలో పనిచేసే మనిషికి ఎంత తగులుతున్నదో తూచి వ్రాసుకున్నవారు మనలో ఎందరున్నారు?

తూచి వ్రాసుకున్న ఒక సందర్భం మన దక్షిణ దేశంలోనే ఉన్నది. కేరళలో కాసరగోడు జిల్లా. ప్రభుత్వ రంగంలోని తోటల సంస్థ జీడితోటలమీద ఎండోసల్ఫాన్‌ను విమానాలతో ఇరవై సంవత్సరాలకు పైగా, 2000 వరకూ చల్లించింది. కొండ వాలున తోటలు, పల్లంలో ఇళ్ళు, బావులు, వాగులు. పుట్టు లోపాలు, మందబుద్ధి, మూర్ఛలు ఎక్కువయినాయని ఊరి వైద్యుడు మొదట గుర్తించి వ్రాస్తే నమ్మినవారు కొద్దిమంది. తరువాత అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు వచ్చారు. వాళ్ళు ఎంచుకున్న ప్రశ్న గమనార్హం. ఎంతమంది చనిపోయారని వాళ్ళు అడగలేదు. ఆ ఊరి బడిలో 10 నుంచి 19 ఏళ్ళ మగపిల్లలు 117 మందిని, మందు సోకని మరో ఊరినుంచి 90 మందిని తీసుకొని, ఎవరికి ఏ వయసులో యౌవన లక్షణాలు వస్తున్నాయో పోల్చారు. రక్తంలో హార్మోన్లూ, మందు అవశేషమూ కొలిచారు. మందు సోకిన ఊళ్ళో పిల్లలకు ఈడు ఆలస్యంగా వస్తున్నదనీ, పురుషహార్మోను తక్కువగా ఉన్నదనీ తేలింది. 2003లో అది అచ్చయింది. దాదాపు అదే కాలంలో కేంద్రం నియమించిన దూబే సంఘం, మందుకూ జబ్బులకూ సంబంధం రుజువు కాలేదని చెప్పింది.

ఇక్కడొక విషయం చెప్పక తప్పదు. ఎండోసల్ఫాన్ తయారు చేసే సంస్థలలో కేంద్ర ప్రభుత్వపు హిందూస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ ఒకటి. చల్లించింది ఒక ప్రభుత్వ సంస్థ, తయారు చేసింది మరొక ప్రభుత్వ సంస్థ, అనుమతి ఇచ్చింది ప్రభుత్వ కమిటీ, విచారించింది ప్రభుత్వ సంఘం. సొంత లాభం చూచుకునే ప్రైవేటు కంపెనీని తిట్టి ఊరుకునేవారికి ఈ ఉదంతం కొంచెం ఇబ్బంది కలిగిస్తుంది. చివరకు 2011 ఏప్రిల్‌లో జెనీవాలో స్టాక్‌హోం ఒడంబడిక సమావేశం ఎండోసల్ఫాన్‌ను తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చింది. అంతవరకూ మన దేశం దానిని వ్యతిరేకిస్తూ వచ్చింది. మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా నిలిపివేసింది. బాధితులకు తలా 5 లక్షల రూపాయలు ఇమ్మని 2017 జనవరిలో ఉత్తర్వు చేసింది. ఆ 117 మందిలో అందరికన్న చిన్నవాడు అప్పటికి పాతికేళ్ళవాడయి ఉండాలి.

కాసరగోడులో విమానం కనిపించింది గనుక కథ కంటపడింది. మన పశ్చిమ మండలాలలో విమానం లేదు. పేరులో సముద్రం, కరువు సీమలో చెరువు - పెద్దతిప్పసముద్రం వంటి ఊళ్ళ పేర్లన్నీ ఆ బాపతే. వేరుసెనగ ఒకప్పటినుంచీ ఉన్నది. బోరుబావులు వచ్చిన తరువాత టమాటా వచ్చింది. మదనపల్లె మండీ నుంచి లారీలు ఏయే రాష్ట్రాలకో పోతాయి. టమాటాకు ఆకుమచ్చ, వేరుసెనగకు తిక్క తెగులు. రెండింటికీ రైతు అడిగేది ఎం-45 పొడి. అసలు పేరు మాంకోజెబ్. 1960ల మొదట్లో అమెరికాలోని రోమ్ అండ్ హాస్ కంపెనీ దీనిని బయటికి తెచ్చింది. చౌక, పైగా బూజును ఒకేచోట గాక అనేక చోట్ల దెబ్బకొట్టే మందు గనుక బూజు దానికి సులభంగా అలవాటుపడదు. అరవై ఏళ్ళుగా పనిచేస్తున్నదంటే కారణమదే. ఎలుకల చావు లెక్కలో ఇది 5000 దాటే మందు. అంటే పాత కొలబద్దకు దాదాపు అమాయకం.

కాని మాంకోజెబ్ వంట్లోనూ, ఎండలోనూ, పొయ్యిమీద కుండలోనూ విరిగి ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం అవుతుంది. అది థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేసుకోవడానికి ఉపయోగించే ఎంజైమును అడ్డుతుంది. ఈ సంగతి రహస్యం కాదు. 1993లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు మనిషి బరువులో కిలోకు రోజుకు మాంకోజెబ్ 0.03, ఇథిలీన్ థయోయూరియా 0.004 మిల్లీగ్రాములు దాటరాదని హద్దు పెట్టారు. 50 కిలోల మనిషికి రెండోది 0.2 మిల్లీగ్రాములు. గర్భంలోని శిశువుకు మొదటి నెలల్లో సొంత థైరాయిడ్ పనిచేయదు. తల్లి రక్తంలో వచ్చే హార్మోనుతోనే మెదడు కట్టుకోవాలి. కోస్టారికాలో అరటి తోటల ప్రక్కన నివసించే గర్భిణుల మూత్రం పరీక్షించగా ఈ పదార్థం ఇతర దేశాల సాధారణ ప్రజలకన్న అయిదు రెట్లకు మించి కనిపించిందని 2014లో వ్రాశారు. అక్కడా విమానాలే చల్లాయి. 2020 డిసెంబరులో యూరపు మాంకోజెబ్ అనుమతిని పునరుద్ధరించలేదు. చెప్పిన కారణాలలో అది హార్మోను వ్యవస్థను భంగపరుస్తుందనేది ఒకటి.

అదే 2020లో, మే నెలలో, మన కేంద్ర ప్రభుత్వం 27 మందులను నిషేధించదలచి ముసాయిదా ప్రకటించింది. మాంకోజెబ్ అందులో ఉన్నది. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. మరో సంఘం కూర్చున్నది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ 27లో పూర్తిగా పోయినవి మూడు: డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్. అపాప్కా సరస్సులో మొసళ్ళను పాడుచేసిన డైకోఫాల్ ఇదే. సరస్సుకూ ఉత్తర్వుకూ నడుమ 43 సంవత్సరాలు. మాంకోజెబ్ మిగిలింది.

రేపే దానిని నిషేధించమని నేను వ్రాయబోవడం లేదు. మరో మందుకు రెండింతలు మూడింతలు పెట్టవలసి వస్తే కౌలురైతు ఏమవుతాడో ఆలోచించకుండా అట్లా వ్రాయడం పట్టణంలో కూర్చున్నవాని ధైర్యం. అయితే మిగలనిచ్చినవారు ఏ ప్రశ్న అడిగి మిగలనిచ్చారు? మదనపల్లె చుట్టుప్రక్కల టమాటా కోసే ఆడకూలీల మూత్రంలో ఇథిలీన్ థయోయూరియా ఎంత ఉన్నది? పుట్టిన బిడ్డ మడమనుంచి ఒక చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూడడం అనేక దేశాలలో ప్రతి కాన్పుకూ చేసే పని. మందు ఎక్కువ కొట్టే మండలాలలో ఆ చుక్కలను, కొట్టని మండలాలలోని చుక్కలతో పోల్చి చూడవచ్చు. కాసరగోడులో 117 మంది పిల్లలను పరీక్షించిన శాస్త్రం ఈ దేశపుదే.

డబ్బామీద చేతితొడుగులు వేసుకోమని ఉంటుంది. మందు కొట్టిన ఇన్నాళ్ళవరకు కాయ కోయరాదని లోపలి కాగితంలో సన్న అక్షరాలతో ఉంటుంది. టమాటా ధర లేచినప్పుడు ఆ గడువు ఎవరూ ఆగరు, ధర పడినప్పుడు కోత కూలే గిట్టదు. ఆ డబ్బా గాని, కాగితం గాని కోతకు వచ్చిన ఆడమనిషి కంటబడదు. ఆమె చూచేది కట్టెలకు కట్టిన తీగెలూ, ఆకులమీద లేత పసుపు డాగూను. ఆ పొడి వేళ్ళకు అంటుతుంది, చీరకొంగుకు అంటుతుంది. ప్రొద్దుగూకి ఇంటికి పోయి అదే కొంగుతో పిల్ల మూతి తుడుస్తుంది.